మూడో పలక, నాలుగో తూటా

ఎనిమిదేళ్లుగా నేనొక అంకెను మోస్తున్నాను. నాలుగు. అది ఆరుగా ఉండవలసింది. నేనే దాన్ని నాలుగు చేశాను.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు గనుక చెప్పగలుగుతున్నాననుకుంటాను. నా పేరు రాయను. అది కూడా పిరికితనమేనని తెలుసు. నేను చేసే పని ఏమిటో మాత్రం చెప్పాలి. అది తెలియకపోతే నా తప్పు మీకు అసలుకంటే చిన్నదిగా కనిపిస్తుంది.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ని. గుంటూరు మిరప యార్డులో పన్నెండేళ్లు కాటా గుమాస్తాగా చేశాను. బస్తా కాటా ఎక్కాక ముల్లు కుదురుకునేలోపే బరువు చెప్పేవాణ్ని. పాత పుస్తకాల కొట్లో లాగరిథమ్ పట్టికలు దొరికితే, బేరాలు లేని వేళల్లో బస్తాల మధ్య కూర్చుని వాటిని నేర్చుకున్నాను. వర్గమూలాలు, సగటులు, రెండు కొలతల మధ్య తేడా ఎంతవరకు సహజం, ఎక్కడి నుంచి అనుమానించాలి, ఇవన్నీ గురువు లేకుండా నేర్చుకున్నవే. నన్నందరూ లెక్కలాయన అనేవారు. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో అప్పుడు నాకే తెలియదు.

ఆ పేరు చూసే ఒక యజమాని నన్ను పనిలోకి పిలిచారు. ప్రత్తిపాడు దాటాక పత్తి చేల మధ్య ఆయనకొక షెడ్డు ఉండేది. అందులో పోలీసుల కోసం తూటా ఆపే చొక్కాలు చేసేవాళ్లం. ఊళ్లో వాళ్లు వాటిని ఇనప చొక్కాలనుకునేవారు. అవి గుడ్డవి. మద్రాసు ఏజెంటు ద్వారా విదేశపు దారం వచ్చేది. పసుపు కొమ్ము అరగదీసినట్టుండే రంగు. చీరాల మరమగ్గాల మీద దాన్ని నేయించేవారు. ఆ గుడ్డ కోసి కోసి మా కత్తెరలు వారానికోసారి మొద్దుబారేవి. ఇరవై నాలుగు పొరలు కలిపి కుడితే ఒక పలక. దాన్ని చొక్కా లోపలి జేబులో, గుండె మీదికి వచ్చేలా దోపుతారు.

పలక తూటాను ఆపుతుందో లేదో చూడటం మా పని. మా అంటే ఇద్దరం. నేను, దేవసహాయం గారు.

దేవసహాయం గారు సైన్యంలో తుపాకుల మరమ్మతు చేసి, హవల్దారుగా రిటైరైన మనిషి. అప్పటికి యాభై దాటాయి. తమ పల్లెలో చర్చి పెద్ద. ప్రతి తూటాకు మందు ఆయనే తూచేవారు. మందు రవ్వంత ఎక్కువైతే తూటా వేగం పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. అందుకని మందుల కొట్టు త్రాసులాంటి చిన్న త్రాసులో తూచి, విడివిడిగా కాగితం పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద పెన్సిలుతో బరువు రాసేవారు. తూచేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. నాలుగేళ్లలో ఆయన పొట్లం విప్పి మళ్లీ తూచవలసిన అవసరం నాకు ఒక్కసారి కూడా రాలేదు.

వాడకంలో లేని, పొగాకు ఆరబెట్టే బ్యారన్ గది ఒకటి అద్దెకు తీసుకున్నాం. కిటికీలు లేని ఎత్తయిన ఇటుక గోడలు. లోపల బంకమట్టి దిమ్మ, దానికి కట్టిన పలక. గుమ్మానికి ఎదురుగా బయట పాక కింద స్టాండుకు బిగించిన తుపాకి. మధ్యలో రెండు పల్చటి రేకు తెరలు, వాటి మధ్య దూరం సరిగ్గా రెండు మీటర్లు. తూటా మొదటి తెరను చింపగానే మిషను కాలం లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. రెండోదాన్ని చింపగానే ఆపేస్తుంది. సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఎన్ని భాగాలు పట్టిందో ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. దాన్నిబట్టి వేగం కట్టేది నేను.

నియమం ఇది. వేగం సెకనుకు నాలుగు వందల ఇరవై నుంచి నాలుగు వందల నలభై మీటర్ల మధ్య ఉండాలి. ఆ మధ్యలో ఉన్న తూటా ఒక్కటి పలకను చొచ్చుకుపోయినా మొత్తం సరుకు పనికిరాదు. నాలుగు వందల నలభై దాటి చొచ్చుకుపోతే మాత్రం ఆ దెబ్బ లెక్కలోకి రాదు. మందు ఎక్కువైందని రాసి మళ్లీ కాలుస్తారు.

ఇప్పుడు ఎండ సంగతి చెప్పాలి. అసలు తప్పు అక్కడే మొదలైంది.

ఆ ఏడు చైత్రంలో చీరాల నుంచి పది తానులు వచ్చాయి. నేతలో పట్టించిన గంజి పోవడానికి వాటిని నీళ్లలో జాడించి ఆరబెట్టాలి. తడి గుడ్డ తూటాను సరిగ్గా ఆపదు. అది నాకు తెలుసు. నేయించిన మేస్త్రీ తానులు దింపుతూ ఒక మాట అన్నాడు. ఈ దారం ఎండకు పడదట, నీడనే ఆరేయమని ఏజెంటు చెప్పాడని. నేను తలూపాను. ఏడు తానులు షెడ్డులో తాళ్ల మీద ఆరేశాం. మిగిలిన మూడింటికి చోటు లేదు.

పక్కనే మిరప కళ్లం. కాయలు ఎత్తేశారు, ఖాళీగా ఉంది. మీరు మా వైపు వాళ్లయితే నేనేం చేశానో ఈపాటికి ఊహించి ఉంటారు. మేం తడిని నమ్మం. కాయ బూజు పట్టేది తడికే, పత్తి రంగు పోయేది తడికే, పొగాకు కుళ్లేది తడికే. ఎండ వల్ల చెడిన వస్తువును నా కళ్లతో నేను చూడలేదు. ఎండకు పడని దారం కూడా ఉంటుందా అనుకున్నాను. మూడు తానులనూ కళ్లంలో పరిపించాను. ఈలోగా కుట్టు మిషను చెడిపోయి బాగుచేతకు వెళ్లింది. అది తిరిగి వచ్చేదాకా పన్నెండు రోజులు గుడ్డ అక్కడే ఉంది. కాయల్ని తిప్పినట్టు పొద్దునా సాయంత్రం తిప్పించాను కూడా. ఎంత ఎండితే అంత మంచిదని. పసుపు రంగు పాత ఇత్తడిలా మారింది. చూశాను. గంజి పూర్తిగా పోయిందనుకున్నాను.

జాగ్రత్త గల మనిషిని గనుక ప్రతి పలక వెనకా అది ఏ తానులోదో సుద్దతో అంకె వేశాను. ఒకటి నుంచి ఏడు నీడవి. ఎనిమిది, తొమ్మిది, పది ఎండవి. మొత్తం నూట నలభై నాలుగు పలకలు. అందులో ఎండవి నలభై మూడు.

పరీక్ష రోజున పోలీసు శాఖ నుంచి ఒక అధికారి వచ్చారు. కుప్పలోంచి నాలుగు పలకలు ఆయనే తీశారు. ఒక్కోదాని మీద ఆరు తూటాలు. మొదటి రెండు పలకలూ చక్కగా ఆపాయి. మట్టిలో గుంట ముప్ఫై మూడు, ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల లోతు. నలభై నాలుగు దాటకపోతే చాలు. మూడో పలకకు మొదటి తూటాతోనే గుంట నలభై ఒకటి వచ్చింది. రెండోది నలభై రెండు. మూడోదీ అంతే. అధికారి, యజమాని చెట్టు కింద కుర్చీల్లో కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. నేను పలక వెనక్కి వంగి చూశాను. సుద్ద అంకె ఎనిమిది.

నాలుగో తూటా పేలింది. లోపలికి వెళ్లి దిమ్మ చూశాను. గుంట లేదు. రంధ్రం ఉంది. నా చూపుడు వేలు దూరింది.

మిషను దగ్గరికి వచ్చాను. ఎర్రగా 4650. లెక్క కట్టక్కర్లేదు. నాలుగు వందల ముప్ఫై మీటర్లు. హద్దులకు నట్టనడుమ. అంతకంటే నికార్సయిన తూటా ఆ రోజు ఇంకొకటి పేలలేదు.

అక్కడ ఎంతసేపు నిలబడ్డానో మీరు అడిగితే పది సెకన్లని చెబుతాను. ఆ పది సెకన్లలో ఏం ఆలోచించాను? సరుకు పోతుందనా? యజమాని నష్టపోతాడనా? అలా అయితే కొంత నయంగా ఉండేది. నేను ఆలోచించింది ఒక్క ప్రశ్న. గుడ్డను ఎండలో వేయించింది ఎవరని అడుగుతారు. డిగ్రీలున్న ఇంజనీర్లు వచ్చి అడుగుతారు. మిరప యార్డు నుంచి వచ్చిన లెక్కలాయన, మిరపకాయలు ఎండబెట్టినట్టు ఎండబెట్టాడని నవ్వుతారు. ఆ నవ్వు నాకు ముందుగానే వినిపించింది.

మిషను మీట నొక్కాను. అంకెలన్నీ సున్నాలయ్యాయి. పుస్తకంలో 4450 అని రాశాను. వేగం నాలుగు వందల నలభై తొమ్మిది. హద్దు దాటింది. లెక్కలోకి రాదు.

అంటే మందు ఎక్కువైందని. అంటే దేవసహాయం గారి చెయ్యి తప్పిందని. ఆ రెండో అర్థం రాసేటప్పుడు నాకు తట్టలేదని మీతో చెప్పాలని ఉంది. తట్టింది. తట్టాకే రాశాను.

"హవల్దారు గారూ, ఈసారి మందు కాస్త ఎక్కువ పడ్డట్టుందండి" అన్నాను.

ఆయన తుపాకి వదిలి వచ్చారు. "ఎంత చూపించింది లెక్కలయ్యగారూ?"

"నాలుగు వేల నాలుగు వందల యాభై."

ఆయన మిషను వంక చూశారు. సున్నాలు. "నేను పోసింది మిగతా వాటికి పోసినంతేనండి. మిషనేమన్నా తప్పు చూపించిందేమో."

"మిషను తప్పు చూపించదు" అన్నాను. ఆ రోజు నేనాడిన ఒకే ఒక్క నిజం అది.

మాటలు విని యజమాని, అధికారి లేచి వచ్చారు. యజమాని నవ్వుతూ, "ఏమయ్యా దేవసహాయం, మిలిటరీలో కూడా ఇంతేనా? వంకాయల బేరంలో కొసరేసినట్టు తుపాకి మందులో కూడా కొసరేస్తే ఎట్టాగయ్యా?" అన్నారు.

"కొసరెయ్యలేదండి. మిగతా పొట్లాలు ఇక్కడే ఉన్నాయి. తూచి చూడండి బాబూ."

"ఉన్నవి సరిగ్గానే ఉంటాయిలే. పోయింది పేలిపోయిందిగా, దాన్నెట్టా తూస్తాం?" అన్నారు యజమాని.

అధికారి చేతి గడియారం చూసుకుని, "పొరపాట్లు జరుగుతుంటాయండీ. ఇంకొకటి కాల్చండి" అన్నారు.

దేవసహాయం గారు నా వైపు చూశారు. నేనేమైనా అంటానని. నాలుగేళ్లుగా ఆయన పక్కన నిలబడ్డవాణ్ని కదా. ఆయన మాటకూ నా అంకెకూ మధ్య దేన్ని నమ్ముతారో నాకు తెలుసు. ఆయన ఊరవతలి పల్లెలోంచి వచ్చినవాడు, నేను ఊళ్లోంచి వచ్చినవాణ్ని. అందులోనూ నా దగ్గర పుస్తకం ఉంది. నేను పుస్తకం వంక చూస్తూ నిలబడ్డాను.

ఇంకో తూటా కాల్చారు. పలక ఆపింది. గుంట నలభై మూడు. మిగిలిన రెండింటినీ ఆపింది. నీడ గుడ్డదైన నాలుగో పలక కూడా ఆపింది. అధికారి సంతకం పెట్టారు.

ఇక్కడితో ఆగితే, పది సెకన్ల భయంలో చేసిన పని అనుకుని నన్ను నేను కొంత సమాధానపరచుకునేవాణ్నేమో. ఇక్కడితో ఆగలేదు.

చొక్కాలు పెట్టెల్లో కట్టాక లారీ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మూడో రోజున నేను కత్తిరింపు ముక్కల్లోంచి నీడ గుడ్డ పోగులు పది, ఎండ గుడ్డ పోగులు పది లాగాను. ఒక్కోదానికి బకెట్టు వేలాడదీసి, తెగేదాకా ఇసుక పోసి, ఆ ఇసుకను తూచాను. నీడ పోగు సగటున పద్దెనిమిది కిలోలకు తెగింది. ఎండ పోగు పన్నెండుకు తెగింది. మూడింట ఒక వంతు బలాన్ని ఎండ తినేసింది. అనుమానం కాదు. ఇరవై కొలతలు, నా చేత్తో తీసినవి.

మరి ఎందుకు కొలిచాను? నిజం తెలుసుకోవడానికేనా? నా భయం తప్పని తేలుతుందేమోనని ఆశతో కొలిచాను. తేలలేదు. ఆ కాగితం పొయ్యిలో పడేశాను. ఇంకా ఆరు రోజులు పెట్టెలు నా కళ్లెదుటే ఉన్నాయి. ఏ పెట్టెలో ఏ పలకలున్నాయో నాకే తెలుసు. యజమాని గదికీ నా బల్లకూ మధ్య పదకొండు అడుగుల దూరం. తొమ్మిదో రోజున లారీ వచ్చి ఎక్కించుకుపోయింది.

దేవసహాయం గారిని మందు తూచనివ్వడం మానేశారు. యజమాని బంధువుల అబ్బాయెవరో ఆ పనికి వచ్చాడు. ఈయన్ని పెట్టెలకు మేకులు కొట్టమన్నారు. నెల రోజులు కొట్టారు. ఆ తర్వాత రాలేదు. వాళ్ల పల్లెలో ఆయన చెయ్యి వణుకుతోందన్న మాట పుట్టింది. చర్చిలో ప్రభువు బల్ల ఆరాధన నాడు ద్రాక్షరసం పోసే పని ఆయనే ఇంకొకరికి అప్పజెప్పారని విన్నాను. ఎవరూ అడగకుండానే.

రెండేళ్ల తర్వాత ప్రత్తిపాడు బస్టాండులో ఎదురుపడ్డారు. కళ్లజోడు పెట్టుకున్నారు. నేను తప్పించుకునేలోగా ఆయనే వచ్చి పలకరించారు. "గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించుకున్నానండి. చూపు తగ్గిందన్నారు. ఆ రోజు మీరు పట్టుకోబట్టి సరిపోయింది. నా చేతి మూలాన మంచి సరుకు పోయేది." అలా అని నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చెయ్యి వణకలేదు. నేను గమనించాను. అలాంటివి గమనించడమే కదా నా పని.

ఒక మనిషి ఉద్యోగం తీసేయడం వేరు. తన చేతి మీద తనకున్న నమ్మకాన్ని తీసేయడం వేరు. బస్సు వచ్చింది, ఎక్కేశాను. అది నేను వెళ్లవలసిన బస్సు కూడా కాదు.

లారీ వెళ్లినప్పటి నుంచి రోజూ పేపరు చదివేవాణ్ని. కాల్పుల్లో ఎవరైనా పోలీసు చనిపోయాడని వస్తే, ఎక్కడ, తూటా ఎక్కడ తగిలింది, చొక్కా తొడుక్కున్నాడా అని వెతికేవాణ్ని. పేపర్లో అంత రాయరు. పరీక్షకు పోయిన ఒక పలక పోను, మిగిలిన నలభై రెండు చొక్కాల్లో ఎన్నింటికి తూటా తగిలి ఉంటుంది? ఒకటికీ తగలలేదేమో. నా బతుకులో నేను కట్టలేకపోయిన లెక్క అదొక్కటే. తెలియకపోవడమే మేలని కొన్నాళ్లు అనుకున్నాను. తెలియకపోతే శిక్ష ఎక్కడా ఆగదని తర్వాత అర్థమైంది.

ఇప్పుడే ఎందుకు చెబుతున్నానని అడుగుతారేమో. నన్ను నేనూ అడిగాను. వచ్చిన జవాబు నాకు నచ్చలేదు. ఆ చొక్కాలకు ఏడేళ్లే ఆయుష్షని కాగితం రాసిచ్చింది మేమే. ఏడేళ్లూ దాటాయి. ఈపాటికి వాటిని పక్కన పడేసి ఉంటారు. ఇప్పుడు చెప్పినా ఎవరూ చొక్కా విప్పక్కర్లేదు. ఎవరి ప్రాణమైనా నా మాట వల్ల నిలబడే రోజుల్లో నోరు మెదపలేదు. నా మాట దేనికీ పనికిరాని రోజు వచ్చాక నాకు ధైర్యం వచ్చింది. దీన్ని పశ్చాత్తాపం అనొచ్చా? నాకు తెలియదు.

ఒక్క మనిషికి మాత్రం ఇంకా పనికొస్తుందనుకున్నాను. పోయిన నెల దేవసహాయం గారింటికి వెళ్లాను. వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను. ఎండ, సుద్ద అంకె, మీట, పోగులు, లారీ. నేను ఆపాక ఆయన తన అరచేతులు చూసుకున్నారు. తిడతారనుకున్నాను. ఏడుస్తారని కూడా అనుకున్నాను.

"ఎన్ని చొక్కాలు?" అన్నారు.

"నలభై రెండండి."

"ఎవరెవరు తొడుక్కున్నారో తెలుసా?"

"తెలియదండి."

"మరి నా దగ్గరికొచ్చావేం? పోయి వాళ్లకు చెప్పు."

అంతే. లేచి లోపలికి వెళ్లిపోయారు. నేను వచ్చేశాను.

వాళ్ల పేర్లు నాకు తెలియవు. ఏ స్టేషను, ఏ ఊరు, ఏ ఇల్లో తెలియదు. వెళ్లి తట్టడానికి తలుపు లేదు. అందుకని రాస్తున్నాను. రాస్తుంటే గుండెల మీద ఏదో సడలినట్టే ఉంది. దానికి నాకు హక్కుందో లేదో మరి.

ఇది చదువుతున్న మీరు ఆ నలభై రెండు మందిలో ఒకరు కావచ్చు. వాళ్ల అన్నో, భార్యో కావచ్చు. ఆ చొక్కా తొడుక్కుని మీరు ఎదురెళ్లిన చోటికి దాన్ని నమ్మే వెళ్లి ఉంటారు. అది మిమ్మల్ని కాపాడేది కాదండి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పంపించాను.